సుమారు బరువు

మీ బరువెంత మేడమ్, అని అడిగాడు
అండమాన్ నుంచి ఆ కుర్రాడు, ఫోన్లో.
నడుముకి సీసం కట్టాలట.
లేకపోతే సముద్రం మనిషిని ఉంచుకోదట,
బెండులా పైకి తోసేస్తుందట.
సుమారుగా చెప్పినా చాలన్నాడు.

ఇరవై రెండేళ్ళుగా కాటాలు సరిచేసే మనిషిని.
రాయగడ పేపరు మిల్లు గేటులో
వెదురు లారీలెక్కే కాటా నాది.
గుణుపురం జీడిపిక్కల కాటా నాది.
బిస్సంకటక్ సంతలో చింతపండు తూచే పాత్రో గారి
దొంగ ముల్లు విరిచింది నేనే.
సుమారు అన్నమాట
మా పనిలో తిట్టు.

రేవులో కొత్త లారీ కాటాకి ముద్ర వేయించి రమ్మని
కంపెనీ పంపుతోంది.
సోమవారం విశాఖ వెళ్ళి విమానం. మంగళ, బుధ పని.
గురువారం తెల్లారి పడవ,
పక్క దీవిలో ముప్పై అడుగుల లోతు, అరగంట.
శుక్రవారం ఎగరకూడదట.
నీళ్ళలో పీల్చిన గాలి ఒంట్లోంచి నిదానంగా పోవాలట,
తొందరపెడితే నెత్తురు గోలీసోడాలా పొంగుతుందట.
శనివారం తిరుగు విమానం.

మేనేజరు త్రిపాఠీ వేళ్ళ మీద లెక్కేశాడు:
రెండు రోజులు ఎక్కువ. ఎవరి ఖర్చు?
నాదే.
కారణం?
సొంత పని.
అక్కడ నీకు సొంతం ఎవరున్నారు?
ఇంకా తెలీదు సార్, అన్నాను.

ఫారం పంపాడు కుర్రాడు.
ఉబ్బసం? లేదు. గుండెదడ? లేదు.
ఈత? రాదు, ఫర్వాలేదన్నాడు.
చెవులు?
అక్కడ పెన్ను ఆగింది.
చిన్నప్పుడు చీము కారిన చెవి,
వెల్లుల్లి కాచిన నూనె పోయించుకున్న చెవి.
పాణిగ్రాహి డాక్టరు లైటు పెట్టి చూసి
పొర మీద మచ్చుంది, కానీ గట్టిదే అన్నాడు.
ముక్కు మూసి మెల్లగా ఊదు,
విచ్చుకుంటే వెళ్ళు.

కొరాపుట్ రైల్లో సొరంగం వచ్చినప్పుడల్లా
ముక్కు మూసుకుని ఊదాను.
ఎదురుసీటు ఆవిడ సిగ్గుపడి
ఎండుచేపల సంచిని కాళ్ళ కిందకి తోసుకుంది.
నీ చేపల గురించి కాదమ్మా,
నేను చూడబోయే వాటి గురించి, అందామనుకున్నాను.
ఏడో సొరంగంలో టప్పుమంది కుడి చెవి.
ఎడమది టిక్కిరి దాటాక.

ఆదివారం నాగావళిలో
నడుం లోతు గుంత వెతుక్కుని
ముద్ర చెల్లని పాత పది కిలోల రాయి
ఒళ్ళో పెట్టుకుని నీళ్ళ కింద కూర్చున్నాను.
పరీక్ష రాళ్ళు కావులెండి,
వాటికి చెమట చెయ్యి కూడా తగలనివ్వం.
పదకొండు అంకెలు లెక్కపెట్టానో లేదో
బట్టలుతుకుతున్న తవుడమ్మ
జుట్టు పట్టి పైకి లాగింది.
"ఏటైంది నీకు? ఎవులేటన్నారు?"
చెప్పాను.
"డబ్బులిచ్చి ములుగుతావేటే!"
చీర పిండుతూ చాలాసేపు నవ్వింది.
నవ్వడం ఆపి అడిగింది,
"కింద ఏటుంటాది?"

నిన్న మిల్లు కాటా తనిఖీ అయ్యాక,
లారీలన్నీ దిగిపోయాక,
చెప్పులు విప్పి
ఒక్కదాన్నే ఎక్కాను ఆ ఇనుప పలక.
అరవై టన్నులు మోసే పలక,
పది కిలోలకొక అంకె దానికి.
ఇంట్లో నేను యాభై ఏడు పాయింటు నాలుగు.
ఇక్కడ అరవై.
ఒంటికాలి మీద నిలబడ్డాను, అరవై.
ఊపిరి బిగపట్టాను, అరవై.
అది అబద్ధమాడదు.
అంత చిన్నవి దానికి కనిపించవు, అంతే.

చీటీ కావాలా అక్కా, అని అరిచాడు
కిటికీలోంచి గుమాస్తా.
తీసుకున్నాను. బండి నంబరు దగ్గర గీత,
సరుకు దగ్గర గీత.
ఫొటో తీసి కుర్రాడికి పంపాను.
ఇది చాలు మేడమ్, సీసం నేను చూసుకుంటా,
అన్నాడు.

రాత్రి టూరు డైరీ ముందే నింపుకున్నాను.
సోమవారం ప్రయాణం. మంగళవారం పునాది, తీగలు.
బుధవారం ముద్ర, సంతకాలు.
గురువారం గడి దగ్గర
చాలాసేపు పెన్ను మూత పెడుతూ తీస్తూ కూర్చుని
రాశాను:
తూకం లేదు.